ప్రతి సమస్యకీ కోర్సే జవాబా? ఎల్ అండ్ డీ టీమ్ అసలు చేయాల్సిన పని

ఏ కంపెనీ తీసుకున్నా ఈ తంతు ఒకేలా నడుస్తుంది. ఒక డిపార్ట్‌మెంట్ మేనేజర్ నుంచి ఉద్యోగుల శిక్షణ చూసే లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ (ఎల్ అండ్ డీ) టీమ్‌కి మెయిల్ వస్తుంది: "మా వాళ్లకి కమ్యూనికేషన్ స్కిల్స్ మీద ఒక ట్రైనింగ్ పెట్టించండి, వీలైతే ఈ నెలలోనే." టీమ్ వెంటనే పనిలో పడుతుంది. తేదీ ఖరారవుతుంది, ట్రైనర్‌ని మాట్లాడతారు, స్లైడ్లు తయారవుతాయి, ఎవరెవరు రావాలో లిస్టు పంపుతారు, జవాబివ్వని వాళ్లకి రిమైండర్లు వెళ్తాయి. సెషన్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపిస్తే సగటున ఐదుకి నాలుగున్నర వస్తుంది. మూడు నెలలు తిరక్కుండానే అదే మేనేజర్ దగ్గర్నుంచి దాదాపు అలాంటిదే ఇంకో మెయిల్.

ఇందులో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ట్రైనర్ బాగానే చెప్పి ఉంటారు, వచ్చినవాళ్లు శ్రద్ధగానే విని ఉంటారు. తేడా వచ్చింది మెయిల్ చదివిన మొదటి నిమిషంలో. మేనేజర్ రాసింది సమస్య కాదు, ఆయనకి తోచిన పరిష్కారం. దాన్ని ఆర్డర్‌లా తీసుకుని డెలివరీ చేసేశారు, అసలు అక్కడ ఏం జరుగుతోందని ఎవరూ అడగలేదు. నా ఉద్దేశంలో ఎల్ అండ్ డీ టీమ్ మొదటి పని కోర్సు నడపడం కాదు, ఒక పని జరగాల్సినట్టు ఎందుకు జరగడం లేదో కనుక్కోవడం. కోర్సు అవసరమా కాదా అన్నది ఆ తర్వాత తేలాల్సిన సంగతి, చాలాసార్లు అవసరం లేదనే తేలుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కస్టమర్ సపోర్ట్ మీద ఫిర్యాదులు పెరిగాయి. రీఫండ్ గురించి ఫోన్ చేస్తే సరైన సమాధానం రావడం లేదని, ఒకే విషయానికి మూడుసార్లు కాల్ చేయాల్సి వస్తోందని జనం విసుక్కుంటున్నారు. పైపైన చూస్తే ఇది మాటతీరు సమస్యే, అందుకే సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ కావాలంటారు. ఇప్పుడు ఎల్ అండ్ డీ నుంచి ఎవరో ఒకరు వెళ్లి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ సీటు పక్కన ఒక పూట కూర్చున్నారనుకోండి. కాల్ వస్తుంది. ఆర్డర్ నంబర్ ఒక స్క్రీన్‌లో కొట్టాలి, రీఫండ్ స్టేటస్ ఇంకో స్క్రీన్‌లో చూడాలి. అక్కడ కనబడేది 'ప్రాసెస్‌లో ఉంది' అనే ఒక్క ముక్క. ఎవరి దగ్గర ఆగింది, ఏ తేదీకి డబ్బు పడుతుంది అన్నది అకౌంట్స్ వాళ్లకి తప్ప వేరేవాళ్లకి కనబడదు. ఈలోగా కాల్ ఐదు నిమిషాలు దాటగానే మూలన ఉన్న టైమర్ ఎర్రగా మారుతుంది, అలాంటి ఎర్రకాల్స్ ఎక్కువైతే నెలాఖరున ఇన్సెంటివ్ తగ్గుతుంది. ఇక ఆ ఉద్యోగి ఏం చేస్తారు? "రెండు రోజుల్లో వచ్చేస్తుందండీ" అని చెప్పి పెట్టేస్తారు. మాట మర్యాదగానే ఉంది, కానీ అందులో సమాచారం లేదు. రెండు రోజులకి అదే కస్టమర్ మళ్లీ లైన్లోకి వస్తారు, ఈసారి కోపంగా.

వాళ్లకి మాట్లాడటం నేర్పించి ప్రయోజనం ఏముంది? అకౌంట్స్ స్క్రీన్‌లో ఉన్న తేదీ సపోర్ట్ స్క్రీన్‌లో కూడా కనబడాలి, రీఫండ్ కాల్స్‌కి టైమర్ లెక్క తీసేయాలి. ఈ రెండింటిలో ఏదీ ట్రైనింగ్ కాదు, ఏదీ ఎల్ఎంఎస్‌లో, అంటే కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో, అప్‌లోడ్ చేసేది కాదు. అయినా ఆ పూట అక్కడ కూర్చుని దాన్ని పట్టుకున్న మనిషి ఆ నెలలో టీమ్ మొత్తంలోకీ విలువైన పని చేసినట్టే.

ఇదంతా ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన ఆలోచనేం కాదు. 1970లోనే ట్రైనింగ్ నిపుణులు రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ ఒక సూటి ప్రశ్న పెట్టారు: ప్రాణాల మీదికి వస్తే ఆ మనిషి ఆ పని చేయగలడా? చేయగలడంటే అతనికి పని వచ్చు, నేర్పాల్సింది ఏమీ లేదు, చేయకపోవడానికి కారణం వేరే ఎక్కడో ఉంది. సరిగ్గా చేస్తే అదనపు పని నెత్తిన పడుతుందా, చేయకపోయినా అడిగే నాథుడు లేడా, మధ్యలో ఏదైనా అడ్డం ఉందా అని అటువైపు వెతకాలి. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిల్బర్ట్ దీన్నే ఆరు గళ్లుగా విడదీశాడు. మూడు పరిసరాలకి సంబంధించినవి: సమాచారం, పనిముట్లు, ప్రోత్సాహకాలు. మూడు మనిషికి సంబంధించినవి: తెలివిడి, సామర్థ్యం, ఇష్టం. ముందు పరిసరాల గళ్లే చూడమన్నాడు, ఎందుకంటే అక్కడ చిన్న మార్పు చేసినా ఫలితం పెద్దదిగా ఉంటుంది. ట్రైనింగ్ సరిచేయగలిగేది ఆ ఆరింటిలో ఒక్క తెలివిడి గడిని. మన ఎల్ అండ్ డీ టీమ్‌లు మాత్రం ఆ ఒక్క గడిలోనే కాపురం పెట్టి, మిగతా ఐదూ మనకి సంబంధం లేనివి అనుకుంటున్నాయి.

ఫిషింగ్ ట్రైనింగ్ చెప్పే పాఠం

ఈ మాట మీద ఎవరికైనా సందేహం ఉంటే ఫిషింగ్ మెయిల్స్, అంటే నమ్మించి లింక్ నొక్కించే మోసపు మెయిల్స్ సంగతి చూడాలి, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి ఆఫీసులో ఉన్న ట్రైనింగ్, పైగా ఫలితాన్ని నేరుగా లెక్కపెట్టొచ్చు: మనిషి ఆ లింక్ నొక్కాడా లేదా, అంతే.

కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో వైద్య విభాగంలో సుమారు 19,500 మంది ఉద్యోగులకి 8 నెలల పాటు, 10 విడతలుగా ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్స్ పంపి చూశారు. 2025లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ మధ్య తేడా 1.7 శాతం. ఏటా చేయించే తప్పనిసరి కోర్సు నిన్నగాక మొన్న పూర్తి చేసినా, ఏడాది కిందట చేసినా లింక్ నొక్కే విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. లింక్ నొక్కి దొరికిపోయినవాళ్లకి వెంటనే ఒక పాఠం పేజీ తెరుచుకుంటుంది కదా, ఆ పేజీ మీద ఎక్కువమంది నిమిషం కూడా గడపలేదు. గడపకపోవడంలో వింతేముంది, చేతిలో వేరే పని ఉంది, మెయిల్స్ పోగుపడి ఉన్నాయి, ఎవరో పట్టుకుని పరువు తీసినట్టు అనిపిస్తుంది, మూసేస్తారు.

అంతకుముందు స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఒక పెద్ద కంపెనీలో 14,000 మందికి పైగా ఉద్యోగుల మీద 15 నెలలు చేసి 2021లో బయటపెట్టిన అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లింక్ నొక్కినవాళ్లకి అక్కడికక్కడే పాఠం చూపించడం వల్ల వాళ్లు జాగ్రత్తపడలేదు, సరికదా కొన్ని సందర్భాల్లో మరింత సులువుగా మోసపోయారు. అదే అధ్యయనంలో బాగా పనిచేసింది ఏంటంటే, మెయిల్ ప్రోగ్రామ్‌లో పెట్టిన ఒక చిన్న బటన్. అనుమానం రాగానే నొక్కితే చాలు, సెక్యూరిటీ వాళ్లకి వెళ్లిపోతుంది. ఉద్యోగులు దాన్ని నెలల తరబడి విసుగు లేకుండా వాడారు, అలా వచ్చిన సమాచారంతో కొత్త మోసాలని త్వరగా పసిగట్టొచ్చని తేలింది. అంటే మనుషులకి తెలివి లేక కాదు, ఆ తెలివిని వాడుకునే దారి వాళ్ల చేతికి అందేలా లేకపోవడం వల్ల. ఒక బటన్ ఎక్కడ ఉండాలి, దాన్ని నొక్కితే వెనక ఎవరు స్పందించాలి అని ఆలోచించడం ఎల్ అండ్ డీ పని కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి ఏళ్ల తరబడి అదే కోర్సు ఎందుకు నడుస్తోంది?

ఒక కారణం కొలత. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో చూడమన్నాడు: వచ్చినవాళ్లకి ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకి ఫలితం వచ్చిందా. మొదటి రెండు మెట్లు క్లాసురూమ్‌లోనే తెలిసిపోతాయి, మూడు నాలుగు తెలియాలంటే బయటికెళ్లి, వారాలు ఆగి, వేరే డిపార్ట్‌మెంట్ డేటా అడిగి తెచ్చుకోవాలి. అందుకని అందరూ రెండో మెట్టు మీదే ఆగిపోయారు. ఆ తర్వాత కంప్యూటర్ కోర్సులొచ్చాయి, వాటిలో ఎవరు ఎంతవరకు వచ్చారో సిస్టమ్ రికార్డు చేసుకోవడానికి స్కార్మ్ అనే ప్రమాణం వచ్చింది. 2001లో వచ్చిన దాని 1.2 వెర్షన్ ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. అందులో ఒక పాఠం గురించి సిస్టమ్ గుర్తుపెట్టుకునే స్థితులు ఆరంటే ఆరే: పాసయ్యాడు, పూర్తి చేశాడు, ఫెయిలయ్యాడు, పూర్తి చేయలేదు, ఊరికే తిరగేశాడు, అసలు ముట్టుకోలేదు. స్కోరు, గడిపిన సమయం కూడా దాచుకుంటుంది. మనిషి మర్నాడు సీట్లో కూర్చుని ఏం చేశాడన్నదానికి అందులో చోటే లేదు. డాష్‌బోర్డులో కనబడేవి ఆ సంఖ్యలే కాబట్టి పై వాళ్లు అడిగేవీ అవే, టీమ్ చూపించేవీ అవే. 97 శాతం పూర్తి, ఇన్ని వేల గంటల శిక్షణ అని స్లైడ్ మీద వేస్తారు. ఆ గంటలు ఉద్యోగుల పని నుంచి తీసుకున్నవి, అంటే ఖర్చు, దాన్ని సాధించిన ఘనతగా చూపిస్తున్నాం.

రెండో కారణం చట్టం. భద్రత, లైంగిక వేధింపుల నివారణ, డేటా గోప్యత లాంటి వాటిలో ట్రైనింగ్ ఇచ్చామని రుజువు ఉండాలి, రేపు కేసు వస్తే ఆ రికార్డు కావాలి. ఇది నిజమైన అవసరమే, కాదనలేం. కానీ రుజువు కోసం చేసే పనినీ, మనుషుల ప్రవర్తన మారడం కోసం చేసే పనినీ ఒకే కోర్సులో కుక్కడం వల్ల రెండూ చెడుతున్నాయి. రుజువుకి కావలసినంత చిన్నగా, ఇప్పటికే తెలిసినవాళ్లు నేరుగా పరీక్ష రాసి బయటపడేలా ఆ భాగాన్ని తేల్చేసి, మిగిలిన సమయాన్నీ డబ్బునీ అసలు ప్రమాదం ఎక్కడుందో అక్కడ పెట్టొచ్చు. వేధింపుల ఫిర్యాదు చేస్తే ఏమవుతుందోనని ఉద్యోగి భయపడుతుంటే, నెక్స్ట్ నొక్కుతూ దాటేసే నలభై స్లైడ్లు ఆ భయాన్ని పోగొట్టవు. ఫిర్యాదు చేసినవాళ్లకి ఏమైందో మిగతావాళ్లు కళ్లారా చూస్తారు, వాళ్లకి అదే పాఠం.

మూడోది, మేనేజర్‌కి ట్రైనింగ్ అడగడం చాలా తేలిక. తప్పు పని పద్ధతిలో ఉందని ఒప్పుకుంటే దాన్ని మార్చాల్సింది ఆయనే, మనుషులకి స్కిల్ లేదంటే మార్చాల్సింది ఇంకొకరు. దీన్ని దురుద్దేశం అననక్కర్లేదు, తన టీమ్‌కి రోజూ అంత దగ్గరగా ఉన్న ఎవరికైనా అలాగే కనబడుతుంది.

ఫీడ్‌బ్యాక్ ఫారం గురించి కూడా ఒక మాట. సెషన్ ఎంత నచ్చిందన్నదానికీ ఎంత నేర్చుకున్నారన్నదానికీ సంబంధం దాదాపు లేదని 1997లోనే, అప్పటికి ఉన్న అనేక అధ్యయనాలని కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఎందుకలా అన్నది 2006లో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చూస్తే కొంత అర్థమవుతుంది. విద్యార్థులకి ఒక పాఠం చదవమని ఇచ్చి, కొందరిని రెండోసారి చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తారుమారైంది: మళ్లీ చదివినవాళ్లు 42, రాసి చూసుకున్నవాళ్లు 56. హాయిగా సాగిపోయిన క్లాసు ఆ సాయంత్రం బాగా వచ్చేసినట్టే ఉంటుంది, ఫారం నింపేది కూడా ఆ సాయంత్రమే. తలబద్దలు కొట్టుకునేలా చేసిన ట్రైనర్‌కి మార్కులు తగ్గుతాయి. మార్కులని బట్టి ట్రైనర్లని ఎంచుకునే కంపెనీ తెలియకుండానే తక్కువ నేర్పేవాళ్లని ఏరుకుంటోంది.

పని నేర్చుకునేది ఎక్కడ?

జూలియన్ ఓర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1980లలో జిరాక్స్ కంపెనీలో ఫోటోకాపీ మిషన్లు రిపేర్ చేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. కంపెనీ వాళ్లకి మాన్యువల్ ఇచ్చింది, ఈ ఎర్రర్ కోడ్ వస్తే ఇది చూడు, అది కాకపోతే ఇది మార్చు అని వరసగా రాసి ఉంటుంది. మిషన్లు మాత్రం ఆ వరసలో పాడవ్వవు. కోడ్ ఒకటి చూపిస్తుంది, అసలు రోగం ఇంకోచోట ఉంటుంది. అలాంటప్పుడు ఇద్దరు టెక్నీషియన్లు మిషన్ ముందు నిలబడి, గతంలో ఎదురైన కేసులు ఒకరికొకరు కథల్లా చెప్పుకుంటూ, ఇది అలాంటిదేనా కాదా అని పోల్చుకుంటూ కారణం పట్టుకునేవారు. భోజనాల దగ్గర కూడా ఇవే కబుర్లు. బయటి నుంచి చూసే మేనేజర్‌కి అది కాలక్షేపం. ఓర్ చూసిందేంటంటే, పని తాలూకు అసలు జ్ఞానం అంతా ఆ కబుర్లలోనే ఉంది, మాన్యువల్లో లేదు.

తర్వాత 1990లలో జిరాక్స్‌లో యురేకా అనే సిస్టమ్ తయారైంది. టెక్నీషియన్లు తాము కనుక్కున్న చిట్కాలు రాసి పంపుతారు, సాటి టెక్నీషియన్లు పరీక్షించి సరైనదే అంటే అందరికీ అందుతుంది, రాసినవాళ్ల పేరుతో సహా. ఆ పేరు ఉండటమే పెద్ద విషయం, ఒక చిట్కాకి తన పేరు ఉంటే దానికి తోటివాళ్లలో వచ్చే గౌరవం వేరు. ఇలాంటి సిస్టమ్‌లో కోర్సు రాసే అవసరమే లేదు. అయినా చేయాల్సిన పని బోలెడు: చిట్కా రాయడం తేలిగ్గా ఉండాలి, తప్పుడు చిట్కా దాటిపోకూడదు, పాతబడినవి తీసేయాలి, వెతికితే దొరకాలి, రాయడానికి జనానికి టైమ్ ఉండాలి. ఎల్ అండ్ డీ టీమ్ ఇలాంటి పనిలోకి దిగాలన్నదే నా ఆశ.

ఇక్కడ 70-20-10 అనే సూత్రం గుర్తుచేసేవాళ్లు ఉంటారు: 70 శాతం పనిలో, 20 శాతం తోటివాళ్ల నుంచి, 10 శాతం క్లాసులో నేర్చుకుంటారని. ఇది 1980లలో అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్‌లో, విజయం సాధించిన ఎగ్జిక్యూటివ్‌లని మీకు ఏ అనుభవాలు నేర్పాయని అడిగి, వాళ్లు గుర్తుచేసుకుని చెప్పినదాన్నుంచి పుట్టింది. గుండ్రటి అంకెలు చూస్తేనే తెలుస్తుంది అది కొలిచి తీసిన నిష్పత్తి కాదని. దాన్ని పట్టుకుని ట్రైనింగ్ బడ్జెట్‌ని మూడు ముక్కలు చేసే కంపెనీలు ఉన్నాయి, అది తెలివైన పని కాదు. పనిలో నేర్చుకోవడం దానంతట అదే జరిగిపోతుందని వదిలేయడానికి కూడా ఈ సూత్రాన్ని సాకుగా వాడతారు. పని చేస్తూ తప్పుడు పద్ధతి కూడా అంతే బాగా నేర్చుకోవచ్చు.

పనినే విడదీసి చూడటం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం నాటికి వెళ్లాలి. 1940లో అమెరికాలో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. దాని ముందుకు వచ్చిన తొలి సమస్యల్లో ఒకటి, ఆయుధాల దూరదర్శినులకి కావలసిన అద్దాలు సానపట్టే పనివాళ్లు దొరకడం లేదు. ఆ పనిలో నిపుణుడు కావడానికి ఏళ్లు పట్టేది. వాళ్లు వెంటనే కోర్సు మొదలుపెట్టలేదు, ముందు ఆ నిపుణుడు రోజంతా ఏం చేస్తున్నాడో చూశారు. చూస్తే అందులో చాలా పనులు అంత నైపుణ్యం అక్కర్లేనివి. వాటిని వేరేవాళ్లకి అప్పగించి, నిజంగా చెయ్యి తిరగాల్సిన కొద్ది పనులని మాత్రం పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టారు. ఏళ్లు పట్టే శిక్షణ నెలల్లోకి వచ్చింది. ఆ తర్వాత వాళ్లు నేర్పింది కార్మికులకి కాదు, సూపర్‌వైజర్లకి: పనివాణ్ని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, అతని చేత చేయించు, తర్వాత వెళ్లి చూస్తూ ఉండు. యుద్ధం తర్వాత ఇదే పద్ధతి జపాన్ చేరింది, టొయోటా లాంటి కంపెనీల పని సంస్కృతిలో దాని జాడ ఉంది. పని నేర్పడం మేనేజర్ ఉద్యోగంలో భాగం అన్నది అప్పుడు మామూలు సంగతి. ఇప్పుడు దాన్ని ఒక ప్రత్యేక టీమ్‌కి అప్పగించేసి మేనేజర్లు చేతులు దులుపుకున్నారు. ఆ టీమ్ కూడా అభ్యంతరం చెప్పలేదు, దానితో తన ఉనికికి ఒక అర్థం వచ్చింది కాబట్టి.

ట్రైనింగ్ మానేసి చెక్‌లిస్టులు ఇచ్చేస్తే సరిపోతుందా? అంత తేలిగ్గా అయితే ఇంత రాయాల్సిన పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్టు విడుదల చేసింది. మత్తు ఇవ్వడానికి ముందు, కోత పెట్టడానికి ముందు, పేషెంట్‌ని బయటికి పంపడానికి ముందు ఆగి, గట్టిగా చదివి సరిచూసుకోవాలి. ఎనిమిది దేశాల్లో ఒక్కో ఆసుపత్రి చొప్పున వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, తీవ్రమైన సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఇది చూసి చాలాచోట్ల దాన్ని తప్పనిసరి చేశారు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రచురించారు: చెక్‌లిస్టుకి ముందూ తర్వాతా మరణాల్లో గానీ సమస్యల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం ఒకటే. మొదటి ఆసుపత్రుల్లో స్థానికంగా ఒక బృందం పూనుకుని, థియేటర్లో ఉన్నవాళ్లందరితో మాట్లాడి, అలవాటు చేయించింది. పైనుంచి ఉత్తర్వులా వచ్చినచోట అది టిక్కులు పెట్టే ఇంకో ఫారం అయిపోయే అవకాశం ఎక్కువ అని చాలామంది ఈ తేడాని వివరించారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. సర్జన్ తొందరపడుతుంటే నర్సు 'ఒక్క నిమిషం ఆగండి' అనగలగాలి, అనలేని చోట ఆ చెక్‌లిస్టు ఏం చేస్తుంది? అలా అనగలిగే వాతావరణాన్ని ఏ కోర్సూ ఇవ్వలేదు, అన్నవాళ్లకి పెద్దవాళ్లు ఎలా స్పందించారన్నదాన్ని బట్టే అది వస్తుంది. కాబట్టి ఎల్ అండ్ డీ చేతిలో పనిముట్టు మారినంత మాత్రాన పాత్ర మారినట్టు కాదు.

కోర్సులన్నీ దండగ అని నా ఉద్దేశం కాదు. పనికి పూర్తిగా కొత్తవాళ్లని నేరుగా సీట్లో పడేసి నేర్చుకోమంటే నలిగిపోతారు, వాళ్లకి ఒక క్రమంలో, ఉదాహరణలతో, పక్కన ఒకరుండి నేర్పాలి. అరుదుగా వచ్చినా వచ్చినప్పుడు ప్రాణాలు పోయే పరిస్థితులకి సాధన కావాలి, పైలట్లు సిమ్యులేటర్లో ఇంజిన్ ఆగిపోవడాన్ని మళ్లీమళ్లీ ఎదుర్కొనేది అందుకే. ఇలాంటి చోట్ల ఇప్పుడు పెడుతున్నదానికంటే ఎక్కువే ఖర్చుపెట్టాలి. అవసరం లేని వంద కోర్సులు ఆపేస్తేనే ఆ డబ్బు వస్తుంది.

ఏఐ వచ్చాక ఇదంతా ఇంకా ముఖ్యమైంది. కోర్సు రాయడం, క్విజ్ తయారుచేయడం, వాయిస్ పెట్టడం, ఇంకో భాషలోకి మార్చడం ఒకప్పుడు వారాల పని, ఇప్పుడు ఒక పూటలో ముసాయిదా చేతికొస్తుంది. ఉద్యోగి కూడా తనకి తట్టిన సందేహం నేరుగా చాట్‌బాట్‌నే అడుగుతున్నాడు. టీమ్ తన పనంటే కోర్సు తయారీ అని అనుకుంటే, ఆ పని విలువ కళ్లముందే పడిపోతోంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: తయారీ ఇంత చవకైతే ఎల్ఎంఎస్‌లో అవసరం లేని కోర్సులు ఇంకా గుట్టలుగా పేరుకుంటాయి. ఇక చాట్‌బాట్ చెప్పే జవాబు ఈ కంపెనీలో, ఈ పనికి సరైనదేనా, అది పాత పద్ధతి చెబుతోందా అని చూసేవాళ్లు కావాలి. జూనియర్లు చేసే చిన్న పనులన్నీ ఏఐకి వెళ్లిపోతే, ఆ చిన్న పనులు చేస్తూ నేర్చుకుని సీనియర్లయ్యే దారి ఏమవుతుందన్న ప్రశ్న ఇంకా పెద్దది. దాన్ని ఎవరో ఒకరు పట్టించుకోవాలి, కంపెనీలో ఆ ప్రశ్నకి సహజంగా బాధ్యులు ఎల్ అండ్ డీ వాళ్లే.

మారాలంటే టీమ్‌కి కొత్త చేతులు కావాలి. డేటా చదవగలిగేవాళ్లు, పని జరిగేచోట కూర్చుని గమనించగలిగేవాళ్లు, మేనేజర్‌తో 'మీరడిగిన ట్రైనింగ్ వల్ల ఇది తగ్గదు' అని మర్యాదగా చెప్పగలిగేవాళ్లు. ఇప్పుడున్న ట్రైనర్లకి వీటిలో చాలావరకు వస్తాయి, ఏళ్ల తరబడి క్లాసులో జనం చెప్పే గోడు విన్నది వాళ్లే, ఏ పద్ధతి ఎక్కడ విరిగిందో వాళ్లకి తెలిసినంతగా హెచ్ఆర్‌లో ఇంకెవరికీ తెలియదు. ఆ విన్నదాన్ని తీసుకెళ్లి చెప్పడానికి ఇన్నాళ్లూ ఒక దారి లేదు, అంతే తేడా. పైవాళ్లు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి: ఏడాదికి ఇన్ని గంటల శిక్షణ అనే టార్గెట్ పెట్టినంతకాలం టీమ్ గంటలే తయారుచేస్తుంది. కోర్సు వద్దని చెప్పి సమస్య తీర్చిన మనిషికి అప్రైజల్‌లో ఏం రాయాలో తేల్చకుండా ఈ మార్పు గురించి మాట్లాడటం వృథా.

మొదలుపెట్టడానికి కంపెనీ మొత్తం తిరగేయనక్కర్లేదు. కలిసి పనిచేయడానికి ముందుకొచ్చే ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ చాలు. ఆ డిపార్ట్‌మెంట్లో బాధపెడుతున్న ఒక్క సంఖ్య తీసుకోవాలి, తిరిగొచ్చే కాల్స్ కావచ్చు, మళ్లీ చేయాల్సి వస్తున్న పని కావచ్చు, చేరిన ఆరు నెలల్లోపే మానేస్తున్న ఉద్యోగులు కావచ్చు. అది ఇవాళ ఎంతుంది, ఆ డేటా ఎవరిస్తారు, మళ్లీ ఏ తేదీన చూస్తాం అని ఒక పేజీలో రాసుకోవాలి. మొదటి రెండు వారాలు ఏ పరిష్కారమూ ప్రతిపాదించకుండా, బాగా చేసేవాళ్ల పక్కనా ఇబ్బందిపడేవాళ్ల పక్కనా కూర్చుని తేడా ఎక్కడుందో చూడాలి. బాగా చేసేవాళ్లు కొంతమంది ఎప్పుడూ ఉంటారు, వాళ్లు ఏదో ఒక సొంత ఎక్సెల్ షీటో, గోడకి అంటించుకున్న కాగితమో, వేరే డిపార్ట్‌మెంట్లో ఒక ఫ్రెండ్ నంబరో వాడుతుంటారు. ఆ కాగితాన్ని అందరికీ అందేలా చేయడం, ఆ ఫ్రెండ్ చేస్తున్న సాయాన్ని సిస్టమ్‌లోకి తేవడం తరచుగా మొదటి పరిష్కారం అవుతుంది. అనుకున్న తేదీకి సంఖ్య కదలకపోతే, చేసింది పనిచేయలేదని అదే పేజీలో కింద రాసి, దాన్ని ఆపేసి, తర్వాతి కారణం వైపు వెళ్లాలి. ఆపేస్తామన్న మాట మొదటి రోజే ఆ హెడ్‌తో కలిసి రాసుకుని ఉంటే, మూడు నెలల తర్వాత ఎవరూ ఎవరినీ తప్పుపట్టాల్సిన పరిస్థితి రాదు.